వీరాయమ్మ మోటారు రంపం

మలికిపురం సెంటరు దాటి కాలవ గట్టు మీద కాస్త దూరం నడిస్తే, కొబ్బరి పీచు కుప్పల పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. అయినా ఆయిలింజను మొరాయించిన రైతు ఎవరూ అక్కడికి రావడానికి ఇబ్బంది పడేవారు కాదు. "దానంగారి షెడ్డేదండీ?" అని అడిగితే, పీచు తీస్తున్న ఆడవాళ్ళు చేతిలో పని ఆపకుండానే గడ్డంతో చూపించేవారు.

దానం తండ్రి రాజులుగారి కమతంలో పాలికాపు. కొడుకూ ఆ చేలోకే దిగవలసింది. కానీ కుర్రతనంలో రాజోలు రైసుమిల్లులో ఊక ఎత్తే పనికి కుదిరాక అతని ధ్యాసంతా ఇంజను మీదే ఉండేది. గంప పక్కన పెట్టేసి దాని ముందు నిలబడిపోయేవాడు. మిల్లు డ్రైవరు మొదట్లో తిట్టాడు. తిట్టి తిట్టి విసుగొచ్చి ఒకరోజు నూనె డబ్బా చేతికిచ్చాడు. అలా పని వచ్చింది. పనితోపాటే చెవుడూ వచ్చింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఇంజను ఎలా ఆడుతోందో వినిపించదు కనక దాని మీద అరచెయ్యి వేసి తెలుసుకునేవాడు.

భార్య హన్నా మిషను ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పెళ్ళయిన కొత్తలోనే భర్తకి కుడిపక్కన నడవడం, కుడిపక్కనే కూర్చోవడం అలవాటు చేసుకుంది. గుడిలో ఆడవాళ్ళ వరస వేరు కనక అక్కడొక్కచోటే ఆ అలవాటు సాగేది కాదు. పాస్టరుగారి ప్రసంగంలో ఏం చెప్పారో ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మళ్ళీ చెప్పేది. "మా టీచరుగారు చెప్పేదే బాగుంటాదండి, పొట్టిగా ఉంటాది" అని దానం అందరితోనూ అనేవాడు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం రాజోలు బస్సు దిగి ఒకావిడ గోనెసంచి భుజాన వేసుకుని షెడ్డుకొచ్చింది. పొడగరి. నలభై అయిదేళ్ళుంటాయి. మోచేతుల దాకా పాత గాట్ల మచ్చలు. సంచి దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "దానం అన్నయ్యగారు మీరేనాండీ?" అని అడిగింది.

దానం కుడి చెవి ఆమె వైపు తిప్పాడు. ఆమె గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"ఆయ్, నేనేనండి. ఏం తెచ్చేరు?"

ఆమె సంచి మూతి విప్పింది. లోపల నూనె మరకలతో, రంగు వెలిసిన మోటారు రంపం ఉంది. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను, దానికి పొడుగాటి ఇనప పట్టీ, పట్టీ చుట్టూ పళ్ళున్న గొలుసు. అలాంటిది కోనసీమలో ఒక్కటే ఉందని దానం విన్నాడు గానీ కళ్ళతో చూడటం అదే మొదలు. వచ్చినావిడ ఎవరో కూడా అప్పుడు తెలిసింది.

"వీరాయమ్మగారంటే మీరేనా?"

"మీదాకా వచ్చిందాండీ నా పేరు?" అని ఆమె సిగ్గుపడింది.

వీరాయమ్మ పేరు తెలియనివాళ్ళు ఆ చుట్టుపట్ల తక్కువ. ఆమె భర్త సూరయ్యా, అతని అన్నా కలిసి పెద్ద రంపం లాగేవారు. దూలాలు, పడవ చెక్కలు, పనస నించి చింత మొద్దుల దాకా ఆ అన్నదమ్ముల చేతి మీద కోతే. అన్నగారు కామెర్లతో పోయాక రంపం గోడకెక్కింది. రెండు కొసల రంపానికి ఒక్కడెలా సరిపోతాడు? కూలికి పెట్టుకున్నవాళ్ళెవరూ సూరయ్య చేతితో సమంగా లాగలేకపోయారు. అప్పుడు వీరాయమ్మ గోడ మీంచి రంపం దించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండో కొస పట్టుకుంది. చూసినవాళ్ళు మొదట నవ్వారు. కోత తిన్నగా రావడం చూశాక నవ్వడం మానేశారు.

డెబ్బయ్యో పడి చివర్లో వచ్చిన గాలివానకి ఆ ప్రాంతంలో చెట్లన్నీ దారుల మీద పడ్డాయి. సహాయానికొచ్చిన మిషను వాళ్ళు ఈ మోటారు రంపం తెచ్చారు. వాళ్ళ దొరగారు సూరయ్యకి దాన్ని నడపడం నేర్పాడు. వెళ్ళిపోతూ రంపాన్ని చర్చికి ఇచ్చాడు. పాస్టరు అబ్రహాముగారు, "మా దగ్గరుంటే తుప్పు పడుతుంది, బడి మీద చెట్టు పడితే వచ్చి కొట్టిపెట్టండి చాలు" అని సూరయ్య చేతుల్లోనే పెట్టేశారు. మూడేళ్ళు బాగా నడిచింది. తరవాత కొత్తపేట లంకలో ఒక మామిడి మొద్దు దొర్లి సూరయ్య కుడి మోకాలు నలిగిపోయింది. అమలాపురం ఆసుపత్రిలో కాలు తియ్యకుండా నిలబెట్టారు గానీ ఆ కాలు వంగదు, బరువు మొయ్యదు. కర్రల మీద ఇంటి గుమ్మం దాకా వస్తాడు, అంతే.

ఆయన మంచం పట్టిన కొన్నాళ్ళకి వీరాయమ్మ మోటారు రంపం తీసుకుని ఒక్కతే పనికి వెళ్ళింది.

"మొన్న అప్పనపల్లిలో నేరేడు మాను కోత్తా ఉంటే కీచుమందండి. ఆగిపోయింది. మళ్ళీ తాడు లాగితే అడ్డమనేది లేదు, ఊరికే వచ్చేత్తంది" అని చెప్పింది వీరాయమ్మ.

తాడు తేలిగ్గా రావడమంటే లోపల ఒత్తిడి నిలవడం లేదన్నమాట. దానానికి సగం సంగతి అక్కడే అర్థమైంది.

"ఇక్కడుంచి వెళ్ళండి చెల్లెమ్మా. విప్పి చూత్తాను. చూడందే ఏదీ చెప్పను."

"బాగవుద్దాండీ?"

"చూడందే చెప్పనన్నాను కదండీ."

 ఆమె వెళ్ళేముందు రంపం పిడి మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది.

మర్నాడు దానం షెడ్డు నేల ఊడ్చి, హన్నా పాత తెల్లచీర ముక్క పరిచాడు. ఏ ఇంజను విప్పినా అతనికి ఆ గుడ్డ ఉండాలి. చిన్న మర జారినా కనపడుతుందని. ఒక్కొక్క ముక్కా విప్పి, కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో తిప్పి చూశాడు. చూపు మీద కన్నా గోటి మీద నమ్మకం ఎక్కువ అతనికి. కంటికి భయంకరంగా కనిపించే గీత గోటికి తగలకపోవచ్చు. కంటికి ఆనని గీతలో గోరు దిగబడొచ్చు.

పిస్టను ఒక పక్క గీతలు పడి మాంసం లేచినట్టుంది. గోరు దిగబడుతోంది. రింగు గాడిలో ఇరుక్కుని కదలడం లేదు. సిలిండరు గోడకి పిస్టను అల్యూమినియం కరిగి అంటుకుంది. చూస్తే సిలిండరు కూడా పోయిందనే అనుకుంటారు ఎవరైనా. దానం కంసాలి దగ్గర కాస్త యాసిడ్ తెచ్చి, పుల్లకి దూది చుట్టి, ఆ మచ్చల మీద అద్దాడు. పొంగు వచ్చి తగ్గింది. కడిగి, మెత్తటి ఎమరీ కాగితంతో ఓపిగ్గా రుద్దాడు. మధ్యాహ్నానికి మచ్చ కింద నించి గట్టి పూత మెరుస్తూ బయటపడింది. గోరు పెట్టి పైనించి కిందికి లాగాడు. ఎక్కడా పట్టుకోలేదు. సిలిండరు బతికింది.

బేరింగులు వేలి మీద తిప్పాడు. ఇసక తగిలినట్టు లేదు. కనెక్టింగు రాడ్డు పైకీ కిందికీ ఊపాడు. ఆట లేదు. అవీ మంచివే.

కానీ అతనికి ఇంకో సంగతి తెలియాలి. బాగా నడిచిన ఇంజను ఒక్కసారిగా ఎందుకు కాలింది? అది తెలియకుండా కొత్త పిస్టను వేసినా ఆ కొత్తదీ అదే దారి పడుతుంది. వెతగ్గా వెతగ్గా క్రాంకు పక్కన రబ్బరు సీలు దగ్గర దొరికింది. అది ఎండి, తాటిమట్టలా బిరుసెక్కిపోయింది. అక్కడినించి దొంగగాలి లోపలికి పోయి, పెట్రోలూ దానిలో కలిపిన నూనే చాలక, లోపల ఎండిపోయి కాలింది. దానం ఆ సీలు తీసి పక్కన పెట్టి ఒక్క నిట్టూర్పు విడిచాడు. కారణం దొరికాక అతని మనసుకి ఎప్పుడూ తేలిగ్గా ఉండేది.

చివరగా క్లచ్చి చూశాడు. ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు గొలుసు తిరగకూడదు. మీట నొక్కి వేగం పెంచితేనే తిరగాలి. అలా ఆపి ఉంచేవి క్లచ్చిలోని చిన్న స్ప్రింగులు. అవి సాగిపోయి ఉన్నాయి. ఒకదాని కొక్కెం సన్నగా అరిగి దారంలా ఉంది. ఇంజను కాలడానికీ వాటికీ సంబంధం లేదు. వాటిని అలాగే పెట్టి బిగించినా రంపం నడుస్తుంది. దానం వాటిని అటు మంచివాటిలోనూ పెట్టలేక, ఇటు చెడ్డవాటిలోనూ వెయ్యలేక, గుడ్డ మధ్యలో విడిగా ఉంచాడు.

రెండు రోజుల తరవాత షెడ్డు ముందు రిక్షా ఆగింది. రిక్షావాడు చెయ్యిస్తే ఒకాయన కర్రలు ఊతం చేసుకుని దిగాడు. బలమైన భుజాలు. కింద సగం మాత్రం వేరే మనిషిదిలా ఉంది. దానం ఎదురెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"నేను సూరయ్యనండి, బావగారూ. ఆ రంపం మాదేనండి."

"తెలుసండి. వీరాయమ్మగారు రాలేదా?"

సూరయ్య అటూ ఇటూ చూశాడు. పక్కనే తాతాజీ టీకొట్టు. అక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు. సూరయ్య ముందుకి వంగి, గొంతు తగ్గించి ఏదో అన్నాడు. దురదృష్టం కొద్దీ దానం ఎడమ చెవి వైపు అన్నాడు.

"ఆఁ?" అన్నాడు దానం.

సూరయ్య ఇంకాస్త గట్టిగా అన్నాడు. దానం మొహం ముడిచి, "వినపడట్లేదండీ, కాస్త పెద్దగా చెప్పండి" అన్నాడు.

"అది బాగవదని చెప్పండి మా ఆడదానికి!" అని సూరయ్య అరిచేశాడు.

టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. తాతాజీ గ్లాసు కడగడం మానేసి చూశాడు. సూరయ్య తల దించుకున్నాడు. దానం లేచి, అతని చెయ్యి పట్టుకుని షెడ్డు లోపలికి తీసుకెళ్ళాడు. తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి బావగారూ. మెల్లిగానే చెప్పండి."

"ఏం లేదండి. అది ఎక్కడ కోత్తన్నా మా ఇంటికి వినపడుద్దండి ఆ చప్పుడు. గాలి ఇటుంటే మూడు ఊళ్ళ అవతలున్నా వినపడుద్ది. నేను మంచం మీద కూర్చుని అదే వింటా ఉంటాను. చప్పుడు ఆగిందనుకోండి, నా గుండె కూడా ఆగిపోద్ది. మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరాడదు. నా కాలు పోయిన రోజున నేను చూశానండి ఆ మొద్దు ఎంత తొందరగా దొర్లిందో. మీరు పని తెలిసినోరు. ముక్కలరిగిపోయినాయి, పనికిరావని మీరంటే అది నమ్ముద్ది. నేనంటే నమ్మదు."

 "చూత్తానండి" అని మాత్రం అన్నాడు దానం. రిక్షా దాకా తీసుకెళ్ళి ఎక్కించాడు.

ఆ సాయంత్రం హన్నా వంటింటి గుమ్మంలో చేపలు తోముతుంటే దానం పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. సంగతంతా చెప్పాడు. ఆమె విని, "బాగవుతుందా మరి?" అని అడిగింది.

"అవుద్ది. పిస్టను దొరకాలి. దొరికితే అవుద్ది. కానీ ఆ ముక్కలు పట్టుకెళ్ళి వేరే ఎవరికి చూపించినా పనికిరావనే అంటారు హన్నా. నేనూ అన్నాననుకో, అది అబద్ధమని పట్టుకునేవాడు లేడు. ఆ క్లచ్చి చూత్తే నాకే భయమేసింది. ఆయన బాధా చూశాను."

హన్నా చేప పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది.

"పోయినేడు నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పుడు, ఉద్యోగం మానెయ్యమన్నారు గుర్తుందా?"

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"భయమేసింది. బళ్ళోనే పడిపోయావని ఎవరో వచ్చి చెబితే నాకు సరిగ్గా వినపడలేదు. ఆడు ఏవన్నాడో తెలిసేలోగా నేను సగం చచ్చిపోయాను."

"నాకు ఆ మాట చెప్పలేదు మీరు. డాక్టరుగారు మానెయ్యమన్నారని చెప్పేరు. ఆయన అలా అనలేదని నేను వెళ్ళి అడిగి తెలుసుకున్నాను. మీతో మూడు రోజులు మాట్లాడలేదు కదా, దానికే. భయమేసిందని చెప్పుంటే నేను నెల్లాళ్ళు ఎక్కువ సెలవు పెట్టేదాన్నేమో."

 దానం లేచి, ఆమె అడక్కుండానే నూతి దగ్గరికెళ్ళి బిందె నింపుకొచ్చాడు.

టీకొట్టులో పుట్టిన మాట రాజోలు చేరడానికి ఎంతోసేపు పట్టదు. రెండోనాటికే వీరాయమ్మకి తెలిసిపోయింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. భర్తని రిక్షాలో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, తిన్నగా షెడ్డుకి తీసుకొచ్చింది. బల్ల మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి అన్నయ్యగారూ. ఆయన ముందే చెప్పండి. బాగవుద్దా, అవదా?"

దానం తెల్లగుడ్డ కొస పట్టుకుని బల్ల దగ్గరికి లాగాడు. ముక్కలు మూడు చోట్ల ఉన్నాయి.

"ఇలా చూడండి ఇద్దరూ. నేను పాతముక్క మళ్ళీ వేసేముందు ఒక్కటే చూత్తాను. అరిగిందా లేదా అని కాదు. అన్నీ అరుగుతాయి. అది పోతే ఏవవుద్ది అని చూత్తాను. ఈ సిలిండరుందా, ఇది పోతే ఇంజను ఆగిపోద్ది. ఆగిపోతే మీరు ఇంటికెళ్ళిపోతారు. దానివల్ల చెడేది లేదు. అందుకని ఇది వేసేత్తాను. బేరింగులూ అంతే. పిస్టను పనికిరాదు, వేరేది కావాలి. సీలు కొత్తదే కావాలి, లేపోతే మళ్ళీ కాలుద్ది." అతను వేలితో మధ్యనున్న స్ప్రింగులు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇవి పోతే ఇంజను ఆగదు. గొలుసు ఆగదు. అమ్మా, మీట వదిలేసినా గొలుసు తిరుగుతానే ఉందా మీకు?"

"ఆయ్, తిరుగుద్దండి. చాన్నాళ్ళబట్టి మెల్లిగా తిరుగుతానే ఉంది. అలవాటైపోయింది. ఒంటికి దూరంగా పట్టుకుని నడుత్తాను."

సూరయ్య తల ఎత్తి భార్యని చూశాడు.  "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నిద్రపోతావా?"

"చెప్పకపోతే నిద్రపోతున్నాననుకున్నావా?"

 దానం స్ప్రింగులు కింద పెట్టి, "బావగారూ, నాతో చెప్పింది ఆవిడతో చెప్పండి. నాకన్నా ఆవిడకే బాగా వినపడుద్ది" అన్నాడు.

సూరయ్య చెప్పాడు. మంచం మీద కూర్చుని చప్పుడు వినడం, చప్పుడు ఆగితే ఊపిరి బిగబట్టడం, సందెవేళకి గుమ్మంలో ఆమె నీడ పడితేగాని మంచినీళ్ళు గొంతు దిగకపోవడం. చెబుతూ చెబుతూ కర్ర పిడిని రెండు చేతులతో నలుపుతున్నాడు.

"చప్పుడు ఆగితే నేను నీళ్ళు తాగుతున్నానయ్యా" అంది వీరాయమ్మ.  "నీళ్ళు తాగుతాను, ఆకురాయితో గొలుసు పదును పెడతాను. అదే నేను చేసేది. నీకేం తెలుసు, నువ్వు రావు కదా."

"ఎలా వత్తానే? నన్ను మోసుకెళ్ళాలి. నలుగురూ చూత్తా ఉంటే చంటిపిల్లోడిలా ఎత్తి కూర్చోబెట్టాలి."

"నేను రంపం లాగుతుంటే చూడలేదా నలుగురూ? నవ్వలేదా? నీకోసం ఆ నవ్వు పడ్డానా, లేదా?"

 బయట కాలవలో కొబ్బరికాయల పడవ ఒకటి గెడ వేసుకుంటూ పోయింది.

ఆఖరికి వీరాయమ్మే తేల్చింది. "నువ్వు రా. బండి మీద కూర్చో, కుర్చీ వేసుక్కూర్చో, నీ ఇష్టం. మొద్దు ఎటు దొర్లుద్దో నాకన్నా నీకే తెలుసు. నువ్వు వద్దన్న చెట్టు నేను ముట్టను. నువ్వు రాని చోటికి నేను పోను. అన్నయ్యగారూ, ఆ స్ప్రింగులు కొత్తవి వచ్చేదాకా అది బిగించకండి. ఎంతకాలమైనా సరే."

దానం అలాగేనని మాటిచ్చాడు. తిరిగి రిక్షా ఎక్కేటప్పుడు సూరయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, జనం చూస్తున్నారా అని చూసుకోకుండా ఎక్కాడు.

దానం రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళాడు. అడవి కలప వచ్చే అడితీల్లో అలాంటి రంపాలుంటాయని విని, ఒక్కొక్క అడితీ తిరిగాడు. ఒకచోట మూల పడేసిన రంపం కనిపించింది. మాను మీద పడి పైడొప్ప పగిలిపోయింది, ఎక్కువ నడవకుండానే పోయింది. అడితీ గుమాస్తా ఏడుకొండలు మంచివాడు. "విప్పుకుని పట్టుకెళ్ళండి" అన్నాడు. పిస్టను బయటికి తీసి దానం గోటితో చుట్టూ రాసి చూశాడు. వాడిందే, కానీ వంటి మీద గీత లేదు. రింగు గాడిలో తేలిగ్గా తిరుగుతోంది. వెంట తెచ్చుకున్న సిలిండరులో దాన్ని పెట్టి చూసుకుని, తృప్తిగా జేబులో వేసుకున్నాడు. సీళ్ళు స్కూటరు సామాన్ల షాపులో సరిపడేవి దొరికాయి. ఆ రంపం క్లచ్చి స్ప్రింగులు మాత్రం, చూడ్డానికి బాగానే ఉన్నా, తీసుకోలేదు. ఏడుకొండలు ఆశ్చర్యపోయి, "ఇవి కూడా కొత్తవాటిలాగే ఉన్నాయి కదండీ" అన్నాడు. "ఆయ్, ఉన్నాయండి. కానీ నేను మాటిచ్చేను" అన్నాడు దానం. కొత్తవి మద్రాసు నించి తెప్పించే భారం ఏడుకొండలుకే అప్పగించి వచ్చాడు.

స్ప్రింగులు రావడానికి వానాకాలం గడిచిపోయింది. ఆ నెలలన్నీ వీరాయమ్మ ఇంట్లో కూర్చోలేదు. గోడనున్న పెద్ద రంపం దించింది. సూరయ్య నిలబడలేడు గానీ చేతులు ఎప్పటి చేతులే. నేల మీద చాపేసి, కాలు చాపుకుని కూర్చుని, అడ్డంగా పెట్టిన దుంగకి ఒక కొస అతను పట్టాడు. ఎదురుగా ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రెండో కొస పట్టింది. మొదటిరోజు నాలుగు లాగులకే ఇద్దరికీ ఆయాసం వచ్చి నవ్వుకున్నారు. చిన్న చిన్న పనులే, వంటచెరకూ, కంచె గుంజలూ. దానం ఒకసారి రాజోలు పనిమీద వెళ్ళి వాళ్ళింటి ముందాగితే, ఇద్దరూ మాటా పలుకూ లేకుండా లాగుతున్నారు. రంపప్పొట్టు సూరయ్య చాపిన కాలి మీద సన్నగా రాలి పేరుకుంది. దానాన్ని వాళ్ళు చూడలేదు. అతను పిలవకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఇంటికొచ్చి ఆ సంగతి హన్నాకి చెప్పాడు. 

దీపావళి వెళ్ళాక స్ప్రింగులు వచ్చాయి. దానం రంపం బిగించి, తాడు లాగాడు. మూడోసారికి అంటుకుంది. దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మీట నొక్కి వదిలి, గొలుసు వైపు చూశాడు. వీరాయమ్మ కూడా చూసింది. పళ్ళు ఒక్కటొక్కటే లెక్కపెట్టచ్చు, అంత నిశ్చలంగా ఉంది గొలుసు. సూరయ్య రిక్షాలోంచి మెడ సాచి చూసి, "ఏదీ, మళ్ళీ వదలండి" అన్నాడు. దానం మళ్ళీ నొక్కి వదిలాడు. "ఇంకోసారండి." మరోసారి చూపించాడు. నాలుగోసారి అడగబోతే వీరాయమ్మ నవ్వి రంపం లాక్కుంది.

మొదటి పని అప్పనపల్లిలో, మంగరాజుగారి తోటలో ఎండిపోయిన నిద్రగన్నేరు. దానాన్నీ రమ్మన్నారు. సూరయ్యని ఎడ్లబండి మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తోటలోకి రాగానే అతను చెట్టుని అటూ ఇటూ చూసి, మొదలు చుట్టూ బండి తిప్పించి, "ఇటు కాదే, అటు గాటు పెట్టు. కొమ్మ బరువంతా కాలవ వైపుంది" అన్నాడు. వీరాయమ్మ ఎదురు చెప్పకుండా అటు వెళ్ళింది. రంపం పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆడింది. ఆమె ఆగినప్పుడల్లా సూరయ్య బండి మీంచి చూశాడు. ఆమె చెంబెత్తి నీళ్ళు తాగింది. గొలుసు పదును పెట్టింది. ఒకసారి జుట్టు ముడి జారితే మళ్ళీ వేసుకుంది. అతను అదంతా, ఎప్పుడూ చూడనిదేదో చూస్తున్నట్టు, కళ్ళార్పకుండా చూశాడు.

చెట్టు కాలవకి ఎడంగా, అతను చెప్పిన చోటే పడింది.

ఆ తరవాత ఆ రంపం మరో అయిదేళ్ళు నడిచింది. దానం ఏడాదికోసారి విప్పి, తెల్లగుడ్డ మీద పరిచి చూసేవాడు. కొన్ని మార్చాడు, కొన్ని ఉంచాడు. చివరికి వీరాయమ్మ మణికట్లు తిమ్మిరెక్కడం మొదలయ్యాక, సూరయ్య "చాలు" అన్నాడు, ఆమె కూడా "చాలు" అంది. రాజోలులో బస్సుల రోడ్డు మీద చిన్న కలప అడితీ పెట్టుకున్నారు. సూరయ్య కుర్చీలో కూర్చుని చెక్క మీద వేలితో కొట్టి మంచీ చెడూ చెప్పేవాడు. దాంతోనే జరిగిపోయింది.

ఒక ఆదివారం గుడి అయ్యాక దానం, హన్నా రాజోలు వచ్చి ఆ అడితీకి వెళ్ళారు. ఎండ చురుక్కుమంటోంది. చెక్కల నీడన గోనెపట్టా మీద వీరాయమ్మ పడుకుని ఉంది. గాఢంగా నిద్రపోతోంది. పక్కన కుర్చీలో సూరయ్య తాటాకు విసనకర్రతో మెల్లిగా విసురుతున్నాడు. వీళ్ళని చూసి మొహం విప్పారింది గానీ, వేలు పెదవుల మీద పెట్టి, కళ్ళతోనే బల్ల చూపించాడు.

ఇద్దరూ చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా కూర్చున్నారు. ఆమె లేచేదాకా ఎవరూ మాట్లాడలేదు.